కిరాయి పుస్తకాల చివరి పేజీలు

దుకాణం మూసేసి చాలా ఏళ్లయింది. అయినా కొత్తగా పుస్తకాల షాపు పెట్టేవాళ్లో, ఊళ్లో లైబ్రరీ నడపాలని ఉబలాటపడేవాళ్లో వచ్చి, "సైదులన్నా, ఏం పుస్తకాలు పెడితే నడుస్తది?" అని అడుగుతుంటారు. అది తెలిస్తే నేనే నడుపుకునేవాణ్ణి కదా. మనుషులు కథలు ఎందుకు తీసుకుపోతారో తెలియదు. తెచ్చి ఇచ్చేటప్పుడు ముఖం ఎందుకు అటు తిప్పుకుంటారో అంతకన్నా తెలియదు. ఎనభైల్లో మొదలుపెట్టి తొంభైల చివరిదాకా ఇదే పని చేసి నేను తేల్చింది ఇంతే. కాబట్టి ఇందులో సలహాల కోసం వెతికేవాళ్లు జాగ్రత్తగా వెతకండి, దొరికితే నాక్కూడా చెప్పండి.

నా చదువు గురించి కూడా ముందే చెప్పేస్తాను. ఏడో తరగతి రెండుసార్లు చదివాను. రెండూ కలిపితే పద్నాలుగు. డిగ్రీ గడప దాకా వచ్చి ఆగిపోయినట్టు లెక్క.

కుట్టుడు పని

కిరాయి పుస్తకాల దుకాణమంటే ఇప్పటివాళ్లకు కొంచెం చెప్పాలి. నవలలు, వారపత్రికలు, మాసపత్రికలు కిరాయికి ఇచ్చేవాళ్లం. చదివి తెచ్చిస్తే ఇంకోటి తీసుకుపోవచ్చు. పాతబడ్డ వారపత్రికల్ని తూకానికి వెయ్యడానికి మనసొప్పక, వాటిల్లోంచి కథల్ని మాత్రం కోసి, ఒక దొంతరగా పేర్చి, దబ్బనంతో కుట్టి, మైదాపిండి ఉడికించి అట్ట అంటించేవాళ్లం. వీటిని కుట్టు పుస్తకాలనేవాళ్లు. వేరువేరు ఊళ్లలో వేరువేరు మనుషులు రాసిన కథలు ఒకే దారానికి చిక్కి, ఒక దాని పక్కన ఒకటి బిక్కుబిక్కుమంటూ ఉండేవి.

ఈ కుట్టు పుస్తకాలకు ఒక జబ్బు ఉండేది. చివరి పేజీ ముందు చిరిగేది. చదివినవాళ్ల బొటనవేలు అక్కడే ఆగుతుందో, మూసేటప్పుడు గట్టిగా మూస్తారో గానీ, ఆఖరి కథకు ముగింపు ఉండేది కాదు. అందుకని మా పనిలో ఒక ఆనవాయితీ ఉండేది. పుస్తకం తిరిగి తెచ్చినప్పుడు, "చివరి పేజీ లేదు, ఏమైంది?" అని కస్టమర్ అడిగితే, దుకాణంవాడు నోటితో ముగింపు చెప్పాలి.

నాకు ఈ పని నేర్పింది కోదాడలో రత్నం గారు. కృష్ణా జిల్లా వైపు నుంచి వచ్చి హైవే పక్కన దుకాణం పెట్టిన మనిషి. "చివరి పేజీ లేకపోతే నువ్వే చివరి పేజీవిరా" అనేవాడు. నాకు ఆ ఉద్యోగం బాగా నచ్చింది. ముగింపు గుర్తున్నప్పుడు గుర్తున్నట్టు చెప్పేవాణ్ణి, లేనప్పుడు అల్లేవాణ్ణి. ఒకసారి ఒకే కథకు ముగ్గురికి మూడు ముగింపులు చెప్పాను. ఆ ముగ్గురూ ఒక పెళ్లిలో పక్కపక్కన భోజనానికి కూర్చున్నారు. మర్నాడు దుకాణం ముందు నిలబడి, ఆ కథలో పిల్ల బతికిందా చచ్చిందా తేల్చమన్నారు.

రత్నం గారు వాళ్లను పంపించి నా వైపు తిరిగాడు. "అబద్ధం చెబితే చెప్పావు, అందరికీ ఒకటే చెప్పొచ్చుగా."

"ఒక్కొక్కరి ముఖం ఒక్కో తీరుగ ఉంటది గద సార్. ఆ ముఖానికి తగ్గట్టు చెప్పిన."

"అయితే దర్జీ పని చేసుకో, కొలతలు తీసుకోవచ్చు."

ఇంకోటి కూడా నేర్పాడు. అది మాత్రం నాకు ఇప్పటికీ ఒంటబట్టలేదు. "పుస్తకం తిరిగిచ్చేటప్పుడు కళ్లు ఎర్రగా ఉంటే ఏం చేస్తావు?" అని ఒకరోజు అడిగాడు.

"నిద్ర లేదా అని అడుగుత."

"అడగొద్దు. పుస్తకం తీసుకో, అట్ట తుడువు, లోపల పెట్టు. మనం కిరాయికిచ్చేది పుస్తకం. ఏడుపు వాళ్ల సొంతం."

రంగు అట్టలు

కొన్నాళ్లకు రత్నం గారి కుట్టు పుస్తకాల దొంతరలు నా చేతికి వచ్చాయి. ఆయన వాటిని పత్రికల వారీగా కుట్టేవాడు. నాకు తెలివి ఎక్కువ కదా, మనిషి మనసు ఎక్కడ మెత్తగా ఉంటే ఆ చోట తగిలే కథలన్నీ ఒక దగ్గర పెడదామనుకున్నాను. భయానికి నల్ల అట్ట, సిగ్గుకు ఎర్ర అట్ట, కుళ్లుకు పచ్చ అట్ట, ఒంటరితనానికి బూడిదరంగు. కస్టమర్ వచ్చి రంగు చెబితే చాలు.

నెల తిరక్కుండానే నా బుర్ర గాడి తప్పింది. భర్త ఇంటికి ఆలస్యంగా వస్తున్నాడని భార్య భయపడే కథ ఒకటి ఉంది. నల్ల అట్టలో పెట్టాను. రెండోసారి చదివితే ఆమెకు భయం లేదు, పక్కింటామె ఏమనుకుంటుందోనని సిగ్గు. ఎర్ర అట్టలోకి మార్చాను. మూడోసారి చదివితే ఆ పక్కింటామె మీద కుళ్లు. నాలుగోసారి చదవలేదు, రంగులు అయిపోయాయి.

అప్పటినుంచి చూస్తున్నాను, ఏ కథ పట్టుకున్నా ఇదే తంతు. పోలీసు కథ అనుకుంటే అందులో పోలీసుకు కూతురి మీద బెంగ. నవ్వుల కథ అనుకుంటే అందులో నవ్వించేవాడు ఇంటికి పోయి అన్నం తినడు. రాసినవాళ్లు ఎవరైనా సరే, ఒక మనిషిని నిటారుగా నిలబెట్టి, ఎక్కడ ముట్టుకుంటే కూలతాడో ఆ చోటు చూపించి వెళ్లిపోతారు. అందరూ కూడబలుక్కుని రాస్తున్నారేమోనని నాకు అనుమానం ఉండేది.

మిర్యాలగూడలో కొన్నాళ్లు సైకిలు మీద తిరిగి పుస్తకాలు ఇచ్చాను. అక్కడొక రైసుమిల్లు సేటు ఉండేవాడు. ఆయన గొంతు వింటే హమాలీల బస్తాలు వాటంతటవే లారీ ఎక్కేవి. "నవ్వేటియి తే, ఏడ్సేటియి తెస్తే వాపస్ పంపిస్త" అన్నాడు. నేను పొరపాటున బూడిదరంగుది ఇచ్చొచ్చాను. చాలా రోజులు ఉంచుకున్నాడు. తీసుకోవడానికి పోతే దినపత్రిక విప్పి దాని చాటున చదువుతూ కనిపించాడు.

"ఇదేం బాగలేదు" అని పుస్తకం నా చేతిలో పెట్టాడు. కళ్లు తుడుచుకుని, "మిల్లుల ఊకదుమ్ము ఎక్కువుంది" అన్నాడు. ఆ రోజు కరెంటు లేక మిల్లు బందు ఉంది.

"మంచిది సేటూ, ఈసారి నవ్వేది తెస్త."

"వద్దు. గిసుంటిదే ఇంకోటి తే."

నేను అట్ట తుడిచి సంచిలో పెట్టుకున్నాను. రత్నం గారు చెప్పినట్టు ఏమీ అడగలేదు. సైకిలు తొక్కుతున్నంతసేపూ ఆయన కడుపులో ఏముందోనని ఆలోచిస్తూ, పుస్తకం ఇవ్వాల్సిన ఇల్లు దాటిపోయాను.

కండక్టర్ ధర్మా

ఆ తర్వాత సూర్యాపేటలో, బస్టాండుకు ఎదురుగా సొంతంగా దుకాణం పెట్టాను. బస్సు టీకి ఆగిన కాసేపట్లో పరుగున వచ్చి పుస్తకం మార్చుకుపోయేవాళ్లలో ధర్మా ఒకడు. సర్కారు బస్సు కండక్టరు. లంబాడా పిల్లవాడు, కోదాడ దగ్గరి తండాలో పుట్టి, సూర్యాపేటలో కిరాయి ఇంట్లో భార్యతో ఉండేవాడు. టికెట్ల ట్రే చంకలో పెట్టుకుని వచ్చి, ఏది చేతికందితే అది తీసుకుపోయేవాడు.

భార్య పేరు చాంది. ఆమెకు చదువు రాదు. బజారు తెలుగు మనకంటే బాగా మాట్లాడుతుంది గానీ, పుస్తకం తెలుగు మింగుడు పడదు. అందుకని ధర్మా డ్యూటీ దిగాక కథ చదివి, వాళ్ల భాషలో ఆమెకు చెప్పేవాడు. పేర్లు మార్చేవాడు. కథలో సుబ్బారావుంటే వాళ్ల తండాలో ఎవరి పేరో పెట్టేవాడు. వైజాగులో జరిగితే కోదాడ పక్కనున్న అనంతగిరిలో జరిగినట్టు చెప్పేవాడు. ఆమె ఒకసారి అతని వెంట దుకాణానికి వచ్చింది.

"ఏందన్నా, నీ పుస్తకాలల్ల అందరు ఏడుస్తనే ఉంటరు. పనీపాటా లేదా వాళ్లకు?"

"పనున్నోళ్ల మీద కథలు రాయరు చెల్లే. వాళ్లు దొరకరు."

"మా ఆయన మీద రాయమను. పొద్దున్నించి టికెట్, టికెట్ అని ఒక్కటే మాట. రాసేటోనికి తొందరగ ఒడుస్తది."

అని తనే నవ్వింది. ధర్మా కూడా నవ్వాడు. ట్రే సర్దుకుని పుస్తకాల వైపు తిరిగాడు. అతను మాట్లాడే మనిషి కాదు.

ఒకసారి అతను తీసుకుపోయిన కుట్టు పుస్తకం తిరిగి రాలేదు. పరుగున వచ్చి మార్చుకుపోయే మనిషి, టీ తాగి, దుకాణం వైపు చూడకుండా బస్సెక్కుతున్నాడు. పోగొట్టాడేమో, సిగ్గుపడుతున్నాడు అనుకున్నాను. ఎర్ర అట్ట అనుకున్నానన్నమాట.

తర్వాత ఒకరోజు డ్యూటీ బట్టలు లేకుండా వచ్చాడు. పుస్తకం చేతిలో ఉంది.

"సైదులన్నా, నువ్వు జర మా అత్తోళ్ల తండకు రావాలె."

"ఏం సంగతి, కొత్త బ్రాంచి పెడుదామా?"

"చాంది పోయి అక్కడ్నే కూసుంది. నాతోటి రానంటుంది. ఆదివారం పెద్దమనుషులు కూసుంటున్నరు, తెగ్గొట్టుకునుడే అంటుంది."

స్టూలు జరిపి కూర్చోమన్నాను. అతను ఆగి ఆగి చెప్పింది ఇదీ. రెండేళ్ల కింద వాళ్లకు కొడుకు పోయాడు. జ్వరం. ధర్మా మిర్యాలగూడ బస్సులో ఉన్నాడు. పిల్లవాడికి బాగా లేదని అక్కడి బస్టాండుకు కబురు వచ్చింది. బస్సు నిండా జనం. ఆ బస్సుకు వేరే కండక్టరు లేడు. అందరికీ టికెట్లు కొట్టుకుంటూ బస్సును సూర్యాపేటకు తెచ్చి, డిపోలో లెక్క అప్పజెప్పి, ఇంటికి పోయేసరికి అయిపోయింది. అతను ఏడవలేదు. ఆ రోజూ లేదు, తర్వాతా లేదు. మనిషివా, బండవా అని చాంది అప్పట్నుంచి లోపల్లోపల కాలుతూనే ఉంది.

ఇన్నేళ్లు పుస్తకాలు ఇచ్చాను, నాకిది తెలియదు. నేను అడగలేదు కదా.

"ఈ పుస్తకంల ఆఖరి కథ సెప్పిన అన్నా. కరెంటు లైన్‌మేన్ కథ. లైన్‌మేన్ తీసేసి కండక్టర్‌ను పెట్టిన. ఆమె ఇని, ఇది మన కథనే, నువ్వు పోయి సైదులన్నకు సెప్పినవ్, ఆయన పుస్తకంల అచ్చేయిచ్చిండు అంటుంది."

"నేను అచ్చేయిస్తే పుస్తకం ఖతం, పత్రిక ఖతం. నమ్మిందా ఆమె?"

"నవ్వకు అన్నా. నువ్వొచ్చి, ఇది ఎవలో తెల్వనోళ్లు రాసింది అని సదివి ఇనిపియ్యి. గంతే."

తండాలో

బస్సులో కోదాడకు, అక్కణ్ణుంచి జీపులో అనంతగిరి దారి పట్టి, చాంది పుట్టింటికి చేరాం. ఇంటి ముందు రేకుల పందిరి కింద నలుగురు పెద్దమనుషులు మంచాల మీద కూర్చున్నారు. మధ్యన చాంది పెదనాన్న, తండా నాయకుడు. చాంది గడప పక్కన నిలబడింది. నన్ను చూసి నవ్వలేదు.

"ఈనేనా మా ఇంటి ముచ్చట పుస్తకంల పెట్టింది?" అన్నాడు పెదనాన్న.

"పెద్దయ్యా, నేను ఏడు సదివి ఆగినోణ్ణి. నా పేరు రాయాలంటేనే మధ్యల నీళ్లు తాగుత."

ఒకరిద్దరు నవ్వారు. చాంది నవ్వలేదు. "అన్నా, నాకు కథ మీద కోపం లేదు" అంది. "నా పోరడు పోయిననాడు ఈయన కంటి నుంచి సుక్క రాలలే. నాతోటి ఒక్కనాడు కూసొని ఏడ్వలే. పుస్తకంల ఏడ్సిండు. నా ముందర ఏడ్వనోడు నీకు సెప్పుకొని ఏడ్సిండు. నేనేమైన ఈయనకు?"

ఇన్నేళ్లుగా నా దుకాణంలో తల అటు తిప్పుకున్నవాళ్లంతా ఒక్కసారి నా వైపు తిరిగినట్టు అయింది. పుస్తకం తెరిచాను.

చదివాను. గాలివానకు స్తంభాలు పడిపోయి ఊరంతా చీకటి. లైన్‌మేన్ స్తంభం మీద ఉంటాడు. బిడ్డకు బాగా లేదని కింది నుంచి ఎవరో అరుస్తారు. ఇంకాసేపట్లో ఊరికి కరెంటు వస్తుంది, కలిపి దిగుతానంటాడు. కలుపుతాడు. ఊరంతా వెలుగుతుంది. ఇంటికి పోతే తన ఇంట్లోనూ బల్బు వెలుగుతుంటుంది, దాని కింద బిడ్డ ఉండదు, బిడ్డ శరీరం ఉంటుంది. లైన్‌మేన్ పోయి స్విచ్చి ఆర్పేస్తాడు. కథ అయిపోయింది.

చాంది రెండడుగులు ముందుకు వచ్చింది.

"గంతేనా?"

"గంతే చెల్లే."

"ఖాళీ బస్సు యాడుంది?"

నాకు అర్థం కాలేదు.

"జనమంత దిగినంక, డిపోల ఎనక సీట్ల కూసొని, టికెట్ల డబ్బ ముఖానికి అడ్డం పెట్టుకొని ఏడుస్తడు గద. ఏడ్సి, బాటిల్ నీళ్లతోటి మొఖం కడుక్కొని, ఏం కానట్టు ఇంటికొస్తడు గద. అది సదువు. అదే నాకు కావాలె."

చివరి పేజీ నా ముందే ఉంది. అందులో బస్సు లేదు, బస్సుకు బదులు ఇంకేదీ లేదు. లైన్‌మేన్ ఎక్కడా ఏడవడు. రాసినవాళ్లు అతన్ని ఏడవనివ్వలేదు. ఆ ఖాళీ బస్సు ధర్మా కలిపింది.

ధర్మా తల వంచుకుని కూర్చున్నాడు. ఒక్కసారి తలెత్తి నన్ను చూశాడు. ఆ చూపుకు అర్థం నాకు తెలుసు. చదువు, ఖాళీ బస్సు అందులో ఉన్నట్టే చదువు, నీకిది కొత్తా అని.

నాకు కొత్త కాదు. పుస్తకం కళ్ల ముందు పెట్టుకుని ఖాళీ బస్సును, టికెట్ల డబ్బాను, బాటిల్ నీళ్లను అక్కడే అల్లెయ్యొచ్చు. అప్పుడు ఆమె, ఓహో, ఇది ఎవరో రాసిన కథే అనుకుంటుంది, కోపం పోతుంది, ఇతని వెంట వచ్చేస్తుంది. వచ్చి, మళ్లీ ఒక బండతో కాపురం చేస్తుంది. అట్లా కాదని, ఇది పుస్తకంలో లేదు, మీ ఆయన సొంతం అని చెప్పేస్తే? పెద్దమనుషుల ముందు అతని ఏడుపును నేను సంచిలోంచి తీసి పరిచినట్టు అవుతుంది. ఏడుపు వాళ్ల సొంతమని రత్నం గారు చెప్పారు. మరి ఇట్లాంటప్పుడు ఎవరి చేతికివ్వాలో చెప్పలేదు.

పుస్తకం మూశాను.

"చెల్లే, చివరి పేజీ చిరిగింది" అన్నాను. "కుట్టు పుస్తకాలకు ఉండే రోగమే ఇది. చిరగకముందు సదివినోడు ఒక్కడే ఉన్నడు. ఆయన్నే సెప్పమను."

ధర్మా ముఖం పాలిపోయింది. నా వైపు చూసి తెలుగులో ఏదో మొదలుపెట్టబోయాడు. పెదనాన్న చెయ్యెత్తి వాళ్ల భాషలో ఒక మాటన్నాడు. మన మాటల్లో చెప్పమన్నాడని నా ఊహ.

ధర్మా చెప్పాడు. నాకు ఆ భాష రాదు. బస్సు, డ్రైవరు, డిపో, టికెట్, ఈ నాలుగు మాటలు మాత్రం వినపడ్డాయి. మొదట టికెట్లు కొట్టినట్టు గబగబా చెప్పాడు. తర్వాత మెల్లగా చెప్పాడు. తర్వాత ఆగిపోయాడు. పెదనాన్న తలకు చుట్టిన రుమాలు విప్పి మళ్లీ చుట్టుకోవడం మొదలుపెట్టాడు, బాగానే ఉన్నదాన్ని.

చాంది ఒక ప్రశ్న అడిగింది. ధర్మా తల అడ్డంగా ఊపాడు. ఆమె మళ్లీ అదే అడిగింది. అతను చాలా చిన్నగా ఏదో అన్నాడు. ఆమె గిరుక్కున తిరిగి ఇంట్లోకి పోయింది.

అయిపోయింది, కొంప ముంచానని అనుకున్నాను. జీపు ఎటు ఉందా అని చూస్తున్నాను.

ఆమె చెంబుతో నీళ్లు తెచ్చింది. ధర్మా ముందు నిలబడి చెంబు వంచింది. అతను దోసిలి పట్టాడు. అందరి ముందూ ముఖం కడుక్కున్నాడు. ముఖం తడిగానే ఉంది, చాలాసేపు.

నాకు మిగిలిన తికమక

వాళ్లిద్దరూ సూర్యాపేటకు తిరిగివచ్చారు. ధర్మా మళ్లీ పరుగున వచ్చి పుస్తకాలు మార్చుకుపోవడం మొదలైంది. నేను ఏమీ అడగలేదు, అతనూ ఏమీ చెప్పలేదు.

ఈ పనిలోకి వచ్చేవాళ్లకు నేను ఖరాఖండిగా చెప్పాల్సింది ఇక్కడే ఉండాలి, కానీ నా దగ్గర లేదు. కథ మంచిదని ఇవ్వాలా, ఆ మనిషికి తగులుతుందని దాచాలా? దాచితే సేటు ఎక్కడ ఏడవాలి? ఇస్తే చాంది పుట్టింటికి పోతుంది. పోతేనే కదా ఆ చెంబు నీళ్లు. నేను చెప్పిన అబద్ధం మంచిదయిందా, లేక అదృష్టం బాగుండి గట్టెక్కిందా? రత్నం గారిని అడుగుదామంటే అప్పటికే ఆయన లేడు. ఉన్నా దర్జీ పని చేసుకొమ్మనేవాడు.

కొన్నాళ్లకు చాంది ఒక్కతే దుకాణానికి వచ్చింది, ధర్మా మర్చిపోయిన పుస్తకం ఇవ్వడానికి. బల్ల మీద లైన్‌మేన్ కథ ఉన్న ఆ పాత కుట్టు పుస్తకమే ఉంది. తీసుకుని చివరి పేజీ దాకా తిప్పింది. వేలితో అంచు తడిమింది.

"అన్నా, నాకు సదువు రాదు. చిరిగిన కాయితం ఎట్లుంటదో గూడ తెల్వదనుకున్నవా?"

నేను చేతికందిన ఇంకో పుస్తకం అట్ట తుడవడం మొదలుపెట్టాను.

"ఆడ్నే సూసిన. నువ్వు మూసేటప్పుడే సూసిన. పేజీ మంచిగనే ఉండె."

"మరి అప్పుడే ఎందుకు అనకపోతివి?"

"అంటే ఆయనకు సెప్పే పని తప్పుతుండె."

పుస్తకాన్ని బల్ల మీద పెట్టి, చెంగు సర్దుకుని మెట్లు దిగబోయింది. అడగకూడదని తెలుసు. ఇన్నేళ్లు ఎవర్నీ అడగలేదు. అడిగాను.

"చెల్లే, ఆనాడు రెండుసార్లు ఒక్కటే మాట అడిగినవ్ గద. ఏమడిగినవ్?"

చాంది వెనక్కి తిరిగి చూసింది. మొదటిసారి దుకాణానికి వచ్చినప్పుడు నవ్విన నవ్వే మళ్లీ నవ్వింది.

"ఆ పేజీ చిరిగింది అనుకో అన్నా" అని వెళ్లిపోయింది.